వెలుతురు కోసం వెళ్తే పాత పిచ్చాసుపత్రి

పోయిన చలికాలమంతా పార్సిప్పనీ ఊళ్ళో మా అపార్ట్‌మెంట్‌కి ఎండ పొడే తగల్లేదు. నా భార్య స్వాతి దిగులుతో మంచం దిగడమే మానేసింది. ఇప్పుడు తేరుకుంది. మందులతో పాటు వెలుతురున్న ఇల్లు కూడా చూసుకోమన్నారు డాక్టర్. వెతగ్గా వెతగ్గా గంటన్నర దూరంలో పెద్ద పెద్ద కిటికీలున్న పాత రాతి భవనం దొరికింది. ఒక పక్క అపార్ట్‌మెంట్లు, మధ్య భాగంలో శనివారం ఉదయం ఆ భవనం చరిత్ర చెప్తూ తిప్పి చూపించే టూర్. ఒకప్పుడది పిచ్చాసుపత్రి అని ముందురోజే చదివాను. స్వాతికి మాత్రం చెప్పలేదు.

ఎనిమిదికి బయల్దేరాం. హైవే ఖాళీ, పార్కింగ్ ఫ్రీ, టూర్ మనిషికి ఇరవై డాలర్లు. గైడ్ రిటైరైన నర్సు. విక్టోరియా రాణి కాలంనాటి కట్టడమట. ప్రతి గదికీ ఎండా గాలీ అందాలని భవనానికి రెండు పక్కలా ఉన్న భాగాల్ని మెట్లు మెట్లుగా వెనక్కి జరిపి కట్టారు. వెలుతురే సగం వైద్యమని నమ్మారు. తర్వాత జనం ఎక్కువై వరండాల్లోనూ మంచాలు వేశారట. అంత దయగా కట్టి ఇలా ఎలా వాడారో నాకైతే బోధపడలేదు.

స్వాతి అద్దాల పెట్టెలోని ఒక అడ్మిషన్ కాగితం దగ్గర ఆగింది. ఇందులో పేషెంట్ సంతకం లేదేమని గైడ్‌ని ఇంగ్లీషులో అడిగింది.

అప్పట్లో పేషెంట్‌ని ఎవరూ అడిగేవారు కాదని, చాలాసార్లు భర్తో తండ్రో సంతకం పెడితే సరిపోయేదని గైడ్ చెప్పింది.

స్వాతి నావైపు తిరిగింది. "ఇది హాస్పిటలని నీకు ముందే తెలుసు కదా?"

"తెలుసు. ఎట్లా చెప్పాలో అర్థం కాలేదు."

"నేను తట్టుకోలేనని నువ్వే డిసైడ్ చేసేశావా?"



పదకొండుకి ఫ్లాట్ చూపించారు. తూర్పు కిటికీ, నేలంతా ఎండ. స్వాతి చెప్పులు విప్పి అందులో చాలాసేపు నిలబడింది. నచ్చిందో, నా మీద అలిగిందో అంతుపట్టలేదు. వెళ్ళిపోదామా అంటే తల అడ్డంగా ఊపింది. లీజింగ్ ఆఫీసులో, నేను ముందే ఆన్‌లైన్‌లో నింపిన అద్దె దరఖాస్తు ఫారం బల్ల మీద ఉంది. అద్దెదారు నేనొక్కణ్ణే. వీసా కాగితాల అలవాటు కొద్దీ ఆమెను డిపెండెంట్, అంటే నా మీద ఆధారపడ్డ మనిషి, అని రాసేశాను.

స్వాతి ఆ మాట కొట్టేసి, "నాకు వేరే ఫారం అడుగు. లేదా ఆగు, నేనే అడుగుతా," అంది. అడిగింది, నింపింది, నాకంటే ముందు సంతకం పెట్టింది.

ఆ భవనం మంచిదో చెడ్డదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కట్టినవాళ్ళు మేలు చేస్తున్నామనే అనుకున్నారు. స్వాతికి చెప్పకుండా దాచినప్పుడు నేనూ అదే అనుకున్నాను. మీరూ ఇలా ఇల్లు చూడ్డానికి వెళ్తే ఫారం ముందే నింపేసుకోకండి. ఇద్దరూ ఆ కిటికీ దగ్గర నిలబడ్డాక, ఇద్దరూ కూర్చుని నింపండి.