పన్నెండు వోల్టుల సాయిబు

ప్రొద్దుటూరులో ఇమ్తియాజ్ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. పన్నెండు వోల్టుల సాయిబు ఇల్లంటే మాత్రం టీ అంగడి వాళ్లు పని ఆపి వచ్చి చూపిస్తారు. కువైట్‌లో పద్దెనిమిదేళ్లు స్విమ్మింగ్ పూల్ అడుగున లైట్లు బిగించి వచ్చిన మనిషి. ఈత మాత్రం రాదు. నీళ్లు నడుము దాటితే గుండె దడదడలాడుతుంది.

తాగే నీళ్లకే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే ఈ జిల్లాలో ఇలాంటి పని నేర్చుకొచ్చినవాణ్ని ఎవరు పిలుస్తారని భార్య లాల్‌బీ మొదట్లో నెత్తి కొట్టుకుంది. పాపం, ఆమెకు లోకం పోకడ తెలియదు. నీళ్లు కరువైన చోటే స్విమ్మింగ్ పూల్‌కు గౌరవం. ముందు జమ్మలమడుగులో ఒక లాడ్జి వాళ్లు పిలిచారు. తర్వాత పులివెందుల దగ్గర తన చీనీ బత్తాయి తోటలో పూల్ కట్టించుకున్న నాగేంద్రరెడ్డి పిలిచాడు. మనవరాలు భార్గవి ఏడో పుట్టినరోజుకు నీళ్లలోంచి నీలం వెలుగు రావాలని ఆయన ముచ్చట.

ఇమ్తియాజ్ పని మొదలుపెట్టకముందే తన షరతులు చెప్పాడు. నీళ్లలోకి వెళ్లే కరెంటు పన్నెండు వోల్టులు దాటకూడదు. దాన్ని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పూల్‌కు దూరంగా, తడి తగలని గోడ మీద ఉండాలి. కేబుల్‌కు నీళ్లలో ఎక్కడా అతుకు ఉండకూడదు. కరెంటు వెంట్రుకవాసి దారి తప్పినా టక్కున పడిపోయే లీకేజీ బ్రేకర్ ఉండాలి. స్టీలు నిచ్చెనకు కూడా ఎర్తు ఇవ్వాలి. ఎర్తు గుంత దగ్గరే తొలి పేచీ వచ్చింది. నేల పెంకులా ఎండిపోయి ఉంది, తడి లేకపోతే ఎర్తు ఉన్నా లేనట్టే, రోజూ రెండు బిందెల నీళ్లు పోయమన్నాడు ఇమ్తియాజ్.

"రెండు బిందెలా? నీళ్లు యాడుండాయప్పా ఈడ?" అన్నాడు నాగేంద్రరెడ్డి, పదిహేను ట్యాంకర్ల నీళ్లు తళతళలాడుతున్న పూల్ గట్టు మీద నిలబడి.

ఎలాగో ఒప్పించి పని ముగించాడు. స్విచ్చి వేయించి నీలం వెలుగు చూపించాడు. రెడ్డి ముఖం వాడిపోయింది. "ఇంతేనా? కండ్లు జిగేల్మనాల కదప్పా!" అన్నాడు. కంటికి ఇంపుగా ఉంటే చాలునని ఇమ్తియాజ్ సర్దిచెప్పి వచ్చేశాడు. అక్కడే పొరపాటు చేశాడు. మన దగ్గర పెద్దమనుషులు సర్దిచెబితే సర్దుకునే రకం కాదు.

నాలుగు రోజుల తర్వాత, పుట్టినరోజు నాడు, బిర్యానీకి రమ్మంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని సాయంత్రం నాలుగింటికి వెళ్లాడు. పిల్లలు నీళ్లలో కేరింతలు కొడుతున్నారు. అలవాటు కొద్దీ వెళ్లి కరెంటు బోర్డు మూత తెరిచాడు. తను బిగించిన ట్రాన్స్‌ఫార్మర్ మూలన పడి ఉంది. లీకేజీ బ్రేకర్‌ను దాటవేసి వైర్లు నేరుగా మెలిపెట్టారు. పూల్ లోపల చూస్తే రెండు వందల ముప్పై వోల్టుల పెద్ద లైట్లు, ఒక్కోదాని పక్కన టేపు చుట్టి, దాని మీద సైకిల్ ట్యూబు కట్టిన అతుకు. బోర్లు దించే మెకానిక్ నారాయణ చేతిపని అది. పొద్దు గూకగానే కేకు కోసే ముందు రెడ్డి స్వయంగా స్విచ్చి వేస్తాడట. ఇమ్తియాజ్ నేరుగా రెడ్డి దగ్గరికి వెళ్లాడు.

"ఏందన్నా ఇది? బ్రేకరు ఎందుకు తీపిచ్చినావు?"

"కొత్త లైట్లేసినప్పటి నుంచీ అది ఊరికే పడిపోతాంది. పాడైపోయింది."

"పాడు కాలేదన్నా. నీళ్లలోకి కరెంటు పోతాందని చెప్తాంది."

"ఊరుకో సాయిబూ! నా బోరు మోటరు ఆరు నూర్ల అడుగుల లోతులో, మూడు ఫేజుల మీద, పదేండ్ల నుంచి నీళ్లలోనే మునిగుండాది. ఎవురన్నా సచ్చినారా?"

"బోరులో పిల్లోళ్లు ఈత కొట్టరు కదన్నా."

చుట్టూ ఉన్న బంధువుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. రెడ్డి ముఖం కందగడ్డయింది. ఇమ్తియాజ్‌కూ కోపం నసాళానికి అంటింది.

"కువైట్‌లో ఒక పద్ధతుండాదన్నా. లైట్లు పెట్టినోడే మొదట నీళ్లలో దిగాల. ఈత రాకపోయినా ప్రతిసారీ నేనే దిగినా. ఇవి నువ్వు పెట్టిచ్చినవి. పిల్లోళ్లను బయటికి పిలుస్తా. నువ్వు నిచ్చెన పట్టుకోని నడుముల్లోతు దిగు, నేను స్విచ్చి ఏస్తా."

రెడ్డి వెనక్కి తగ్గే మనిషి కాదు. చెప్పులు విడిచాడు. పంచె ఎగ్గట్టాడు. కుడికాలి బొటనవేలు నీళ్లకు తాకించి, బోర్డు వైపు చూసి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఇంతలో మోగని ఫోను ఒకటి ఆయన జేబులోంచి బయటికొచ్చింది. "ఒక్క నిమిషం, ఆఫీసోళ్లు" అంటూ చీనీ చెట్లలోకి నడిచాడు. నారాయణ అంతకుముందే మాయమయ్యాడు.

ఇమ్తియాజ్ ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. పూల్‌కు వెళ్లే కేబుల్‌ను మూరెడు మేర కత్తిరించి పారేశాడు.

చీకటి పడేలోగా వేపచెట్లకు సీరియల్ సెట్లు వేలాడదీశారు. చాలా బాగుందని అందరూ ఫోటోలు దిగారు. ఫోను ముగించుకుని వచ్చిన రెడ్డికి గొంతు పెగిలింది. "కువైటోడు కువైటోడని పిలిపిస్తే, ఒక్క లైటూ వెలగల్యా" అని పంక్తి పంక్తికీ తిరిగి చెప్పాడు. ఎర్రగుంట్లలో పూల్ కట్టించబోతున్న ఆయన బావమరిది, తను బెంగళూరు నుంచే మనిషిని పిలిపించుకుంటానని అక్కడికక్కడే తేల్చేశాడు.

ఇమ్తియాజ్ బిర్యానీ ముందు కూర్చుని అంతా విన్నాడు. జరిగిన ప్రమాదానికైతే ఊరంతా సాక్ష్యం చెబుతుంది. జరగనిదాన్ని ఎవరికి చూపించి పేరు నిలబెట్టుకోవాలి?

అప్పుడు భార్గవి తువ్వాలు చుట్టుకుని, మూతికి కేకు పూసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"సాయిబు తాతా, నీకు లైట్లు పెట్టేది రాదంట కదా? మా తాత చెప్తాండాడు."

ఇమ్తియాజ్ ఆ పిల్ల చేయి పట్టుకున్నాడు. నీళ్లలో నాని వేళ్ల కొనలు ముడతలు పడ్డాయి. అరచేయి వెచ్చగా ఉంది.

"అవును తల్లీ," అన్నాడు. "రాదు."