ఎగైలా నుంచి జర్మనీకి దారి చూపిన చిన్నపుల్లయ్య

మా ఆయన చిన్నపుల్లయ్య చివరగా చేసిన మామూలు పని ఒక నిమ్మకాయ కొనడం. కువైట్‌లోని ఎగైలాలో మేమిద్దరం పనిచేసే ఇంటి పక్కనే ఉన్న బకాలా అనే చిల్లర కొట్లో కొని, చొక్కా జేబులో వేసుకున్నాడు. యజమాని పెద్ద బండి షువైఖ్ గ్యారేజీలో బాగై సిద్ధంగా ఉంది, పోయి తోలుకురావాలి. స్నేహితుడు నాగరాజు తన కారు తెచ్చి గేటు ముందు ఆపాడు.

"ఇంగొకని బండెక్కి పోయే గతి పట్టె గదా నాకు," అని గొణిగాడు మా ఆయన.

"ఎక్కన్నా, నువ్వేమన్నా మంత్రివా," అన్నాడు నాగరాజు.

ఆ గొణుగుడు నాకు కొత్త కాదు. డ్రైవరన్న గర్వం ఆయనకు అంత ఉండేది. సెలవుకు ఊరికి పోయినప్పుడు కడప నుంచి రాయచోటి బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేవాడు కాదు, డ్రైవరు పక్కన నిలబడి రోడ్డు చూసేవాడు. విమానంలోనైతే బెల్టు పెట్టుకోగానే కళ్ళు మూసుకునేవాడు. పైలట్ తోలే తీరు చూడలేనని చెప్పేవాడు.

గ్యారేజీలో బండి తాళాల కోసం కుర్చీలో కూర్చున్నవాడు అట్లాగే పక్కకు ఒరిగిపోయాడు. అంబులెన్సు ఆలస్యం కాలేదు, గుండే తొందరపడింది. ఆసుపత్రి వాళ్ళు కవర్లో పెట్టి ఇచ్చిన వస్తువుల్లో ఫోను, ఇంటి తాళం, నిమ్మకాయ ఉన్నాయి.

ఖైతాన్‌లో మనవాళ్ళు ఉండే గదుల్లో ఇప్పటికీ ఆయన్ని జర్మనీ డ్రైవరనే అంటారు. జర్మనీ ఆయన చూడలేదు. చూసింది నేను, అదీ మూడో వరస సీట్లోంచి.

ఆ ప్రయాణం గురించి చెప్పాలంటే ముందు నా కడుపు సంగతి చెప్పాలి. కారు సాఫీగా పోతున్నంతసేపూ నాకేమీ కాదు. ఆగి కదిలి, ఆగి కదిలితే మాత్రం పేగులు గొంతుకొస్తాయి. ఈ సంగతి మా ఇంటి మామాకు, అంటే యజమానురాలికి, తెలియకూడదు. నాకు ముందు ఆ ఇంట్లో బేబి అనే అమ్మాయి ఉండేది. ఒకసారి పిల్లలతో బయటికి పోతూ కారులో వాంతి చేసుకుంది. మర్నాడే మామా ఆమెను జహ్రాలో ఉన్న తన చెల్లెలింటికి పంపేసింది. కువైట్‌లో మొగుడూ పెళ్ళాం ఒకే కఫీల్ కింద, అంటే వీసా ఇచ్చిన ఒకే యజమాని కింద, ఒకే గోడ లోపల ఉండడం ఎంతమందికి దొరుకుతుంది? నేను కారులో ఒక్కసారి కక్కితే చాలు, మా సంసారం జహ్రాకూ ఎగైలాకూ మధ్య రెండు ముక్కలవుతుంది.

అందుకే నేను వెనక ఉన్నప్పుడు మా ఆయన జామ్‌లో నిలబడేవాడు కాదు. జామ్‌ను ఇక్కడ జహ్మా అంటారు. ముందర ఎర్రలైట్లు కనపడగానే పక్క సందులోకి తిప్పేవాడు. గోడౌన్ల వెనక నుంచి, టైర్ల దుకాణాల ముందు నుంచి, ఎవరిదో పెళ్ళి షామియానా అంచు రాసుకుంటూ పోయేవాడు. జహ్మాలో ఉండిపోయినవాళ్ళు మాకంటే ముందే చేరేవాళ్ళు. మా బాబా, అంటే యజమాని, అది గమనించలేదు. పెద్ద మనుషులు బండి కదులుతోందా లేదా అనేదే చూస్తారు, ఎటు కదులుతోందని అడగరు. "మా బుల్లా ఉంటే జహ్మా ఉండదు," అని సాయంత్రాలు మగవాళ్ళు కూడే దివానియాలో కూర్చున్న స్నేహితులందరికీ చెప్పేవాడు. ఆయన నోటికి 'ప' పలకదు.

ఆ వేసవిలో బాబాకు జర్మనీలో కారు తోలాలని కోరిక పుట్టింది. అక్కడ కొన్ని రోడ్లమీద ఎంత వేగంగానైనా పోవచ్చట. ఆ భాగ్యం డ్రైవరుకు ఎందుకని మా ఆయన్ని ఇంటికి కాపలా పెట్టి, పిల్లల కోసం నన్ను తీసుకుపోయాడు.

ఎయిర్‌పోర్టులో సామాను దింపుతూ మా ఆయన నా చెవిలో చెప్పాడు. "దిగినాక నిమ్మకాయలు కొనిపెట్టుకో. సెల్లు సూడొద్దు. కిటికీలోంచి దూరంగా సూడు. అంతా నేను సూసుకుంటా."

"ఈడ ఉండి ఏం సూసుకుంటావయ్యా నువ్వు?"

"సూడు నువ్వే."

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిన మర్నాడే వేగానికి హద్దులేని రోడ్డెక్కాం. ఎక్కిన కాసేపటికే ఆగిపోయాం. మా పక్కన కారు పైకప్పుకు సైకిళ్ళు కట్టుకున్న కుటుంబం, వాళ్ళ ముందు కారు వెనక తగిలించిన చక్రాల ఇల్లు ఒకటి. జర్మనీ దేశమంతా అదే పొద్దున సెలవులకు బయల్దేరినట్టుంది. ఇన్ని దీనార్లు పెట్టి వచ్చి నడకకంటే నెమ్మదిగా పోతున్నామని మామా మొదలుపెట్టింది. బాబా తనకు తెలిసిన ఒకే ఒక ఉపాయం చేశాడు. కువైట్‌కు ఫోన్ కొట్టి స్పీకర్లో పెట్టాడు.

మా ఆయన అప్పటికే తయారుగా ఉన్నాడు. పిల్లలు పారేసిన పెద్ద టాబ్‌లో జర్మనీ మ్యాపు తెరిచి, తన గదిలో ఏసీ కింద టీ పెట్టుకుని కూర్చున్నాడట. ఊళ్ళ పేర్లు చదవడం రాదు. ఎర్రగీత ఉంటే జహ్మా, పచ్చగీత ఉంటే దారి. విద్య అంతే.

"బాబా, కుడిపక్క పచ్చగీత ఉంది, దిగిపో."

"ఎక్కడ దిగేది? ఇక్కడ కార్లు గోడ కట్టినట్టున్నాయి." అంతలో బాబా గొంతు మారింది. "బుల్లా! సగం కార్లు ఆ పక్కకు, సగం ఈ పక్కకు జరిగాయి. మధ్యలో రోడ్డు ఖాళీ!"

"మనం అతిథులమని దారి ఇచ్చింటారు బాబా. యల్లా, పోనీ!"

బాబా యల్లా అన్నాడు. రెండు వరసల కార్ల మధ్య మేము పెళ్ళి ఊరేగింపులా పోయాం. అటూ ఇటూ మొహాలన్నీ మమ్మల్నే చూస్తుంటే బాబా చెయ్యి కూడా ఊపాడు. బండి ఆగకుండా పోయేసరికి నా కడుపు కూడా కుదుటపడింది. అప్పుడు వెనక నుంచి సైరన్ వినపడింది. ఆ దారి అంబులెన్సు కోసమట. జామ్ అయితే చాలు, అక్కడ ఎవరూ చెప్పకుండానే మధ్యలో దారి వదులుతారట. ఒక తెల్లగడ్డం ఆయన కారు దిగొచ్చి మా బానెట్ మీద చరిచి, జర్మన్‌లో ఏమేమో అన్నాడు. భాష రాకపోయినా మాకు అంతా అర్థమైంది. బాబా బండిని రెండు లారీల మధ్య ఇరికించాడు.

"ఏమాయె బాబా?" అంది ఫోను.

"ఖలాస్!" అన్నాడు బాబా. మామా మాత్రం చాలాసేపు మాట్లాడింది.

మళ్ళీ ఆగడం, కదలడం. బ్రేకు పడినప్పుడల్లా నా నోట్లో నీళ్ళూరాయి. ఒళ్ళో చిన్నపిల్ల, కాళ్ళ దగ్గర మామా కొత్త చేతిసంచి. కక్కితే దానిమీదే. జహ్రా కళ్ళముందు కనపడింది. పిల్లలు ఏదడిగినా జవాబు చెప్పకుండా కిటికీకి తల ఆనించుకుని కూర్చున్నాను.

"బాబా," అంది ఫోను, "వెనకాల పలుకూ లేదు ఉలుకూ లేదు. అంతా బాగుండారా?"

"అందరూ బాగున్నారు. దారి చెప్పు!"

"ముందర ఏ దావ కనపడితే ఆ దావలో దిగిపో బాబా. యాడికి పోతాదని అడగొద్దు. దిగిపో."

దిగాం. అది ఎక్కడికీ పోని దారి. గోధుమ చేలు, చర్చీలు, ఒక పాడి ఆవుల కొట్టం. కొట్టంలోకి నేరుగా పోయి, ఆ ఆవులతో పరిచయం చేసుకుని వెనక్కి వచ్చాం. తర్వాత గడ్డిమోపుల ట్రాక్టరు ఒకటి ముందు దొరికింది.

"బుల్లా, ట్రాక్టరు!" అని బాబా కేక పెట్టాడు.

"కదుల్తాందా బాబా అది?"

"కదులుతోంది."

"ఇంగేంది బాబా! దాని ఎనకాలే పో."

ఆ ట్రాక్టరు వెనకాల, ఆగకుండా, కుదుపు లేకుండా, సగం జర్మనీ చూశాం. హోటలుకు చేరేసరికి వంటవాళ్ళు పొయ్యిలు ఆర్పేశారు. మేము వదిలేసి వచ్చిన జామ్ మధ్యాహ్నానికే విడిపోయిందట, ఆ సైకిళ్ళ కుటుంబం మాకంటే ముందే అదే హోటల్లో దిగి స్నానాలు చేసి కూర్చుని ఉంది. బాబా వాళ్ళను గుర్తుపట్టలేదు. కువైట్‌లో కూర్చుని తన డ్రైవరు తనను జర్మనీ జామ్‌లోంచి బయటికి లాగాడని అప్పుడే దివానియా స్నేహితులకు ఫోన్‌లో చెబుతున్నాడు.

నేనూ మా ఆయనకు ఫోన్ చేశాను. "ఏమయ్యా, ఆవుల కొట్టంలోకి తోలితివే!"

"కక్కినావా?"

"లేదు."

"మరెందుకే అరుస్తాండావు?"

"నా కడుపు సంగతి నీకు ఆడ కూచోని ఎట్ల తెలిసెనయ్యా?"

"డ్రైవరుకు తెలుస్తాదిలే," అని గొప్పలు పోయాడు.

మేము తిరిగొచ్చాక ఆయన ఖైతాన్‌లో గురువైపోయాడు. జామ్‌లో మధ్యన దారి వదలడం నాగరికత అని అందరికీ బోధించాడు. ఒకరోజు తానే ఆచరించి చూపాలని రోడ్డు మీద బండిని ఎడమ అంచుకు జరిపి ఖాళీ వదిలాడు. ఆ ఖాళీలోకి వరసగా మూడు ల్యాండ్ క్రూజర్లు దూరాయి. మూడో దాంట్లోని పిల్లవాడు థాంక్స్ అని చెయ్యి ఊపాడు కూడా. ఆ తర్వాత ఆయన నాగరికత మాట ఎత్తలేదు.

బండిలో స్టీరింగు పక్కన ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉండేది. దిష్టికి అనుకునేవాళ్ళం అందరం. మామా దానిమీద చెయ్యి వేయనిచ్చేది కాదు. బాబా సరదాపడి శుక్రవారాల్లో తానే తోలుతానంటే మా ఆయన స్టీరింగు వదిలేవాడు కానీ, నిమ్మకాయను మాత్రం వెంట తీసుకుని పక్క సీట్లోకి మారేవాడు. నేను నవ్వేదాన్ని.

పెట్టెలో ఆయన్ని ఊరికి తీసుకుపోయాను. ఫోటో ముందు ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఆ నిమ్మకాయ పెట్టాను, అప్పటికే ఎండిపోయింది. ఆయన అక్క మద్దమ్మ చూసింది.

"ఇదెందుకే ఈడ?"

"దిష్టికని బండిలో పెట్టుకునేవాడు వదినా."

"దిష్టీ లేదు పాడూ లేదు. వానికి బండెక్కితే సాలు, కక్కులే. సిన్నప్పుడు మా నాయన మదనపల్లికి పిల్చుకోని పోతే దావపొడుగునా నిమ్మకాయ ముక్కుకాడ పెట్టుకోనే కూచునేటోడు. ఒగనాడు ఎవురో ట్రాక్టరు స్టీరింగు సేతికిచ్చిరి. ఆ పొద్దు కక్కల్యా. అప్పుడే అనె, నేను డ్రైవరునే అయితానక్కా అని. నీకు సెప్పలేదా?"

నాకు చెప్పలేదు.

సాయంత్రం నాగరాజుకు ఫోన్ చేసి, ఆయన కారులో ఎక్కడ కూర్చున్నాడని అడిగాను. ఆ రోజు ముందు సీట్లో ఏవో సామాన్లు ఉన్నాయట. రోడ్డంతా జామ్ అట. షువైఖ్ దాకా మా ఆయన వెనక సీట్లోనే కూర్చున్నాడట.