తనిఖీ రోజున దానమ్మ చెప్పిన మాట

పలివెల పక్కన దళితపేటలో, కూలి కుటుంబంలో పుట్టి, మిషను హాస్టల్లో ఉండి చదువుకున్న దానమ్మ, ఎమ్మెస్సీ పాసై కొత్తపేట దగ్గరి ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరరుగా చేరింది. ల్యాబులో ఉన్నవి రెండే మైక్రోస్కోపులు. అందులో ఒకటి పనిచేయదు. కొనమని ఆమె ఏటా అడిగేది. కరస్పాండెంటు బంగారరాజు ఏటా "చూద్దాం లెండి" అనేవాడు.

1983లో యూనివర్సిటీ పట్టు బిగించింది. సదుపాయాలు లేని కాలేజీలకు గుర్తింపు రద్దు చేస్తామంది. తనిఖీ సంఘం రేపు వస్తుందనగా, వేరే ఊరి కాలేజీ నుంచి వ్యానులో మైక్రోస్కోపులు దిగాయి.

"ఇవి మనవేనని చెప్పండి దానమ్మగారూ. లేదంటే కాలేజీ మూతపడుద్దండి. మీ పేట పిల్లలే రోడ్డున పడతారు," అన్నాడు బంగారరాజు.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. కాలేజీ పోతే ఆ పిల్లలు రాజమండ్రి వెళ్ళి చదవగలరా? ఆడపిల్లల్ని గడప దాటనిస్తారా? అలాగని, ఆకు లోపల ఏముందో కళ్ళారా చూడకుండా పట్టా పుచ్చుకుంటే అదేం చదువు? ఇంటికి నడిచినంతసేపూ ఇదే మథనం.

మర్నాడు సంఘం ఛైర్మన్ బల్లల వైపు ఓ చూపు విసిరి, "బాగున్నాయండి" అంటూ భోజనానికి కదిలాడు.

"అవి మావి కాదండి. నిన్న తెచ్చేరు, రేపు పట్టుకుపోతారు," అంది దానమ్మ.

బంగారరాజు ముఖం నల్లబడింది. ఛైర్మన్‌కీ ఆ మాట రుచించలేదు.

"అయితే మీ కాలేజీ గుర్తింపు తీసేయమంటారా?"

"ఎందుకు తీసేస్తారండి? పిల్లలేం తప్పు చేసేరు? ఏడాది గడువిచ్చి వీళ్ళ చేత కొనిపించండి. తాళం వేసిపోవడం ఎవరైనా చేస్తారు. అంతా బాగుందని రాసిపోవడం కూడా ఎవరైనా చేస్తారండి."

"ఇదంతా రాసి, సంతకం పెట్టి ఇస్తారా?"

"ఆయ్, ఇస్తానండి."

అక్కడే, అందరి ముందూ రాసిచ్చింది.

వారం తిరక్కుండా క్రమశిక్షణ పేరు చెప్పి ఆమెను సస్పెండు చేశారు. విద్యార్థులు క్లాసులు మానేసి గేటు ముందు కూర్చున్నారు. ఆడపిల్లలూ వచ్చారు. ఈలోగా యూనివర్సిటీ ఏడాది గడువిస్తూ, ల్యాబు బాగుచేసుకుంటేనే గుర్తింపు ఉంటుందని తేల్చింది. బంగారరాజు దిగిరాక తప్పలేదు. సామాను కొన్నాడు, ఆమెను తిరిగి తీసుకున్నాడు. కసి మాత్రం పోలేదు. ఆమెకు రావలసిన శాఖాధిపతి పదవి జూనియరైన సత్తిరాజుకిచ్చాడు.

"కుర్చీ ఆయన్నే ఉంచుకోమనండి. క్లాసు నాది," అంది దానమ్మ, బాధపడ్డ విద్యార్థులతో.

మళ్ళీ ఏం బయటపెడుతుందోనని, తర్వాతి తనిఖీనాడు సెలవు పెట్టమని బంగారరాజు ఆమెకు కబురు చేశాడు. ఆ రోజు ఆమె అందరికన్నా ముందే వచ్చి, ల్యాబు తలుపులు బార్లా తెరిచి, గుమ్మంలో నిలబడింది.