పెదనాన్న చిలుక ఏది

నా చిన్నప్పుడు మా వైపు ఎవరింట్లోనైనా పెళ్ళి కుదిరిందంటే, పంతులుగారి కంటే ముందు మా పెద్దమ్మకూ పెదనాన్నకూ కబురు వచ్చేది. బూర్గంపాడు చుట్టుపక్కల ఊళ్ళలో గోడకు సున్నం వేసి, గుమ్మానికి రెండు పక్కలా రెండు చిలుకలు గీయించి, వాటి కింద వధూవరుల పేర్లు రాయిస్తేనే అది పెళ్ళిల్లు. ఆ పనిలో వాళ్ళిద్దరినీ మించినవాళ్ళు లేరు.

ఒక చిలుక ఆయన వేస్తే ఇంకొకటి ఆవిడ వేసేది. ఎవరు ఏ పక్క కూర్చోవాలన్న నియమం లేదు. నీడ ఉన్న పక్క మా పెదనాన్న ఆవిడకు వదిలేసేవాడు. పెళ్ళయిన కొత్తలో పెద్దమ్మ చిలుక ముక్కు కాస్త లావుగా వచ్చేదట. ఆయనది చూసి తన ముక్కు దిద్దుకుంది. ఆయన రెక్కల్లో ఈకలు మరీ ఒత్తుగా ఉండేవట. ఆవిడవి చూసి ఆయన పల్చబరిచాడు. అలా దిద్దుకుంటూ దిద్దుకుంటూ చివరికి రెండూ ఒకే అచ్చులోంచి తీసినట్టు తయారయ్యాయి. ఇద్దరిదీ ఒకటే చెయ్యి అని జనం అంటుంటే వాళ్ళ ముఖాలు చూడాలి. పెళ్ళికొడుకు కూడా అంత మురిసిపోడు.

నేను ఐదో తరగతిలో ఉండగా వానాకాలంలో పెదనాన్నకు చలిజ్వరం వచ్చింది. భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్ళినా దక్కలేదు. ఆయనతోపాటు పెళ్ళిళ్ళ కబుర్లూ ఆగిపోయాయి. భర్త పోయిన మనిషి చేత పెళ్ళింటి గోడ ముట్టించరు. ఆ మాట ఎవరూ నోరు తెరిచి అనలేదు, పిలవడం మానేశారంతే. "ఇప్పుడు ఫ్లెక్సీలొచ్చినయ్ కదా" అని పెద్దమ్మ తనకు తానే సర్దిచెప్పుకునేది. నాకు మాత్రం ఆ మనుషుల మీద ఇప్పటికీ కోపమే.

వేసవి వచ్చేసరికి ఆవిడకు ఒకటే ధ్యాస పట్టుకుంది. ఆయన వేసిన బొమ్మ ఒక్కటైనా మళ్ళీ కళ్ళారా చూడాలి. ఇంట్లో ఏమీ లేదు. వాళ్ళెప్పుడూ కాగితం మీద గీయలేదు. గోడల మీద వేసినవేమో తర్వాతి పండక్కో పెళ్ళికో సున్నం కిందికి పోతాయి. సెలవుల్లో నన్ను వెంటబెట్టుకుని ఊరూరూ తిరిగింది. ఎక్కడికి వెళ్ళినా తెల్లటి గోడే. మంచినీళ్ళు ఇచ్చి పంపేవారు.

చివరికి అడవి అంచున ఒక గూడెంలో దొరికింది. వాకిట్లో తునికాకు కట్టలు ఎండబెట్టుకుంటున్న ఒక అవ్వ ఇల్లు అది. చూరు బాగా కిందికి ఉండటంతో వాన తగలక రెండు చిలుకలూ అలాగే ఉన్నాయి. అవ్వ పెద్దకొడుకు పెళ్ళికి వేసినవి. ముచ్చటగా ఉన్నాయని కోడలు ఇన్నాళ్ళూ ఆ గోడ ముట్టనివ్వలేదట. ఇప్పుడు చిన్నకొడుకు పెళ్ళి. ఆ రోజే గోడకు వేద్దామని తొట్టిలో సున్నం నానబెట్టి ఉంచారు.

పెద్దమ్మ ఎడమ చిలుక ముందు నిలబడింది. తర్వాత కుడి చిలుక దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ ఎడమ పక్కకు వచ్చింది. ముక్కు తడిమింది, రెక్కలు తడిమింది. "పెదనాన్నది ఏది పెద్దమ్మా?" అని అడిగాను. ఆవిడ అక్కడే మట్టిలో కూలబడింది.

"నాకే తెల్వట్లేదు బిడ్డా" అంది.

ఆయన పోయిన రోజు కూడా ఆవిడ అంతగా ఏడవడం నేను చూడలేదు. ఒక్క ఈక అన్నా వంకరగా ఉంచుకోకపోతిమి అని, అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూ ఏడ్చింది.

సంగతి తెలిసి అవ్వ, ఈ గోడకు సున్నం వేయంలే, ఉండనీ అంది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. కొత్త జంట పాత జంట చిలుకల మధ్య నుంచి ఇంట్లోకి రాకూడదు. అది వాళ్ళిద్దరూ ఊరూరా అందరికీ చెప్పిన మాటే. సున్నం కుంచె అడిగి తీసుకుని తనే పూసింది. ఏది ఆయనదో తెలియదు కాబట్టి రెండింటి మీదా ఒకే తీరుగా, పసిపిల్లకు ఒళ్ళు తుడిచినంత మెల్లగా పూసింది.

గోడ ఆరాక అవ్వ రంగు డబ్బాలు తెచ్చి ముందు పెట్టింది.

"నేను ముట్టొచ్చా అవ్వా?" అంది పెద్దమ్మ.

"నీ చేతికి ఏమైంది బిడ్డా?" అంది అవ్వ.

పెద్దమ్మ ఒక పక్క మొదలుపెట్టి, రెండో పక్కకు కుంచె నా చేతికిచ్చింది. ఆవిడ చిలుక చూసి వేయబోయాను. "నా దిక్కు చూడకు. నీకెట్లొస్తే గట్ల ఎయ్యి. చూస్తే నీదని తెల్వాలె" అంది. నా చిలుక కోడిపెట్టలా వచ్చింది. చుట్టూ చేరిన పిల్లలు నవ్వారు. పెద్దమ్మ మాత్రం ఒక్క గీత కూడా దిద్దలేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు వాళ్ళిద్దరూ వేసిన బొమ్మ ఏ గోడ మీదా లేదు. నేను అశ్వారావుపేటలో బడిపిల్లలకు డ్రాయింగ్ చెబుతాను. పిల్లల గీత ఎంత వంకరగా వచ్చినా చెరపనివ్వను. నా చేతిరాత చూసి మా ఆయన కోడి కెలికినట్టుందని వెక్కిరిస్తాడు. వెక్కిరించనీ, నేను దిద్దుకోను. ఎప్పుడైనా ఆయన ఒక్కడే మిగిలిపోతే, వెతుక్కున్న చోట నేను దొరకాలి.