వెలగని పసుపు లైటు

చివరి బోల్టు బిగించాక ఆమె టైరు మీద అరచేత్తో రెండుసార్లు తడుతుంది, ఏడ్చి పడుకున్న పిల్ల వీపు తట్టినట్టు. వ్యానుకైనా లారీకైనా అంతే. తట్టిందంటే పని అయిపోయినట్టు.

భర్త బస్సు నడుపుతాడు. టైర్ల షాపు ఆమెది. మరిది ఆమెను డాక్టరమ్మ అంటాడు.

ఆ మరిది ఈమధ్యే ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రది. రెండే తలుపులు. వెనక సీట్లోకి వెళ్లాలంటే మనిషి చాపలా చుట్టుకోవాలి.

"వదినా, దీనికేదో జబ్బు. యాక్సిలరేటరు తొక్కితే చాలు, పసుపు లైటు కొట్టుకుంటుంది. ఇంజను నీరసపడిపోతుంది."

"బండికి నీ పోలికలొచ్చాయి."

ఆమె వంగి చూసింది. ముందు టైర్లు బాగానే ఉన్నాయి. వెనకవి నున్నగా అరిగిపోయాయి.

"కాస్త పెద్దవి వెయ్యి వదినా. వెనకనుంచి చూస్తే పులిలా ఉండాలి."

షాపులో ఒక సైజు పెద్దవి ఉన్నాయి. రిమ్ముకు పట్టాయి. వేసింది. తట్టింది.

పసుపు లైటు మళ్లీ వెలగలేదు.

"డాక్టరమ్మ చెయ్యి పడితే అంతే మరి," అని మరిది అందరికీ చెప్పుకున్నాడు. ఆమెకూ గర్వంగానే ఉండేది.

మరిదికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా మర్నాడు ఇంటికి వస్తారనగా, ఆ సాయంత్రం ఆస్పత్రిలో భోజనం ఇచ్చి వదినామరుదులు అదే కారులో తిరిగి వస్తున్నారు. సన్నగా వాన పడుతోంది. ఖాళీ క్యారియరు ఆమె ఒళ్లో ఉంది.

"రేపు పాప మొదటి సవారీ ఇందులోనే," అన్నాడు మరిది. మలుపు తిరుగుతూ కొంచెం యాక్సిలరేటరు తొక్కాడు.

కారు వెనక భాగం పక్కకు వెళ్లిపోయింది. చప్పుడు లేదు. ముందు అద్దంలో రోడ్డు ఉండవలసిన చోట గోడ ఉంది. తర్వాత చెట్లు. తర్వాత, వాళ్లు వచ్చిన దారి. ఆ దారిలో ఒక లారీ.

లారీ ఆగింది. దాని లైట్ల వెలుగులో మరిది ముఖం సున్నం కొట్టినట్టుంది. లారీ డ్రైవరు తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేకపోయాడు.

లారీ వెళ్లాక ఆమె అడిగింది.

"లైటు వెలిగిందా?"

"ఏ లైటు?"

"పసుపుది."

"లేదే. ఇంజను కూడా తగ్గలేదు." మరిది నవ్వబోయాడు. "టైర్లు కొత్తవి కాబట్టి బతికాం. నీ పుణ్యమే వదినా."

ఆమె క్యారియరు మూతను రెండు చేతులతో అదిమి పట్టుకునే ఉంది.

ఇంటికి రాగానే కార్ల వైరింగు చేసే అతనికి ఫోన్ చేసింది. అతను సైజులు అడిగాడు.

"అక్కా, ఆ కారులో ఉండే కంప్యూటరుకు రోడ్డు కనపడదు. వెనక చక్రం ముందు చక్రం కంటే జోరుగా తిరిగితే, జారుతోందనుకుని ఇంజను తగ్గిస్తుంది. అరిగిన టైరు చిన్నది, జారకపోయినా జోరుగా తిరుగుతుంది. అందుకే ఊరికే లైటు వచ్చేది. నువ్వు వేసింది పెద్దది. మామూలుగా నెమ్మదిగా తిరుగుతుంది. నిజంగా జారడం మొదలుపెట్టినా, వేగం ముందువాటితో సమానమైందిలే అనుకుంటుంది. పసిగట్టేసరికి ఆలస్యం."

"అయితే జబ్బు నయం కాలేదా?"

"దాని నోరు నొక్కావక్కా. అంతే."

భర్త అన్నం పెట్టాడు. ఆమె కలిపింది. "దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. లేదని తల ఊపింది. ఇంకోసారి అడిగాడు. "రేపు పాప..." అని ఆగిపోయింది. కంచంలో చెయ్యి ఎండిపోయింది.

తెల్లవారాక మరిది పళ్లు తోముకుంటూ బయటికి వచ్చేసరికి కారు వెనక భాగం ఇనుప స్టాండ్ల మీద ఉంది. వదిన రెండో చక్రాన్ని దొర్లించుకెళ్లి తన వ్యానులోకి ఎక్కిస్తోంది.

"వదినా! ఏంటిది? ఇవాళ పాప వస్తుంది!"

"అందుకే."

"కొత్త టైర్లు కదా!"

"తప్పు సైజు. నిన్న మనల్ని తిప్పేసింది వాన కాదు. నేను."

మరిది నోట్లో నురగ అలాగే ఉంది.

ఆమె వ్యాను తలుపు వేసింది.

"నోరు కడుక్కుని రా. టాక్సీ వీధి చివర నిలబెట్టాను."