తెలిసీ చెప్పని ఓడ మాటలు

మా చిన్నప్పుడు... నాన్న తెరచాప నావ భీమిలి ఒడ్డుకి వచ్చే వేళకి అమ్మా నేనూ ఇసుకలో నిలబడి ఉండేవాళ్లం. ఆ నావకి నాన్నే సరంగు, నడిపించే పెద్ద. ఓసారి గాలి ఎక్కువై చాప దించమనాల్సింది, పొరపాటున ఎత్తమన్నాడట. అందరూ ఎత్తారు. నావ ఒరిగింది... తడిసి ముద్దయి ఒడ్డెక్కారు. అప్పుడు మా చిన్నాన్న నెమ్మదిగా, "దించమనాల్సిందన్నా" అన్నాడు.

నీళ్ల మీద సరంగుకి ఎదురు చెప్పకూడదు. ఒడ్డుకి వచ్చాకే చెప్పాలి. అది వాళ్ల కట్టుబాటు.

అమ్మ ఇంట్లోనూ అంతే. నాన్న మాట తప్పయితే తలవంచుకుని ఊరుకునేది. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది గానీ, ఈ పాఠం మాత్రం బాగా ఒంటబట్టింది.

ఎనభైల మొదట్లో పెళ్లయి అమెరికా వచ్చాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు... ఇప్పుడు తలుచుకుంటే అదీ చిన్నతనమే. న్యూజెర్సీలో సముద్రం పక్కన చిన్న ఊరు. మావారు చెక్కపనిలో నిపుణులు. ఆయన పనిచేసే ఫర్నిచర్ ఫ్యాక్టరీ మూతపడి నాలుగు నెలలు అయింది. ఇంకో పని దొరక్కపోతే ఎక్కడో దూరాన షామ్‌బర్గ్ అనే ఊళ్లో బావగారింట్లో తలదాచుకోవాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆయనకి ముద్ద దిగేది కాదు.

అప్పుడే ఒక ఆశ కనిపించింది... రేవులో ఒక పాత తెరచాప ఓడని జనం చూడటానికి బాగుచేసి ఉంచారు. దాని చెక్కలు మరమ్మతు చేస్తూ, వచ్చినవాళ్లకి ఓడంతా తిప్పి చూపించే మనిషి కావాలన్నారు. ముందు ఒకరోజు చూపించమన్నారు, నచ్చితే పని ఇస్తామన్నారు. ఆయన లైబ్రరీ నుంచి ఓడల గురించిన లావుపాటి పుస్తకం తెచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని పైకి చదువుతూ బట్టీ పట్టేవారు.

మా కింది వాటాలో డోరతీ మామ్మ ఉండేది. ఓడల మీద పనిచేసి చనిపోయిన ఒక నావికుడి భార్య. తెరచాపలకి అతుకులు వేసేది, వేళ్లు వంగక బాధపడేది. నాకు కుట్టు వచ్చు గనక మధ్యాహ్నాలు వెళ్లి కూర్చునేదాన్ని. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. ఆవిడ గుడ్డని తట్టి పేరు చెప్పేది, గోడ మీది ఓడ బొమ్మలో ఒక్కో చోటూ చూపించి పేరు చెప్పేది, నేను తిరిగి అనేదాన్ని. పెద్ద చాప మెయిన్సల్. ముందుభాగంలో నావికులు పడుకునే గది ఫోక్సిల్. పనివాళ్ల మేస్త్రీ బోసన్. పడవ అంచు గన్నల్.

ఒకరోజు పైకి వచ్చేసరికి మావారు "ఫోర్‌కాసిల్... బోట్‌స్వెయిన్... గన్‌వేల్..." అని చదువుతున్నారు. అక్షరాలు ఎలా ఉంటే అలా. ఆ పేర్లే మామ్మ వేరేగా పలికేది.

మొదట సర్దిచెప్పుకున్నాను. మామ్మకి పళ్లు లేవు, సగం మాట మింగేస్తోందేమో అని. పుస్తకం తప్పు చెబుతుందా... ఆ వారమే చాప తీసుకెళ్లడానికి వచ్చిన పడవతను కూడా మామ్మలాగే పలికాడు. ఇక నాకు అనుమానం లేదు.

టీ పట్టుకెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. 

"ఏంటి?" అన్నారు తల ఎత్తకుండా.

"చక్కెర సరిపోయిందా అని..." అన్నాను.

అలాంటి టీలు ఎన్ని ఇచ్చానో. సమయం చూసి చెబుదాం అనుకుంటూనే నెల గడిచిపోయింది.

ఓడ చూపించాల్సిన రోజు నన్నూ రమ్మన్నారు. ఓడ మీద ఇరవైమంది దాకా ఉన్నారు, ఓ పక్కన పెద్దాయన కెప్టెన్. మావారు చక్కగా మొదలుపెట్టారు. ముందుగది దగ్గరికి వచ్చి "ఫోర్‌కాసిల్" అన్నారు. ఇద్దరు ముసలి నావికులు ఒకరినొకరు చూసుకున్నారు. కెప్టెన్ మర్యాదగానే ఆ మాట సరిచేశాడు. తర్వాతి మాటా సరిచేశాడు. ఆ తర్వాత మావారి గొంతు తగ్గిపోయింది... బాగా తెలిసిన చెక్కల సంగతులు కూడా తడబడ్డారు. నేను జనం వెనకాల కొంగు నలుపుతూ నిలబడ్డాను.

చేతిపని మెచ్చుకుని, ఉద్యోగం మాత్రం వేరేవాళ్లకి ఇచ్చారు.

సాయంత్రం సంగతి తెలిసి డోరతీ మామ్మ ఓదార్చడానికి పైకి వచ్చింది. నా భుజం తట్టి, "ఈ పిల్లని అడిగితే అన్నీ చెప్పేది కదా, నాకంటే బాగా పలుకుతుంది" అని మావారితో అంది. మెచ్చుకోవాలనే అంది పాపం.

ఆవిడ వెళ్లాక ఆయన తలుపు వేశారు.

"నీకు తెలుసా?"

"తెలుసండీ."

"ఎన్నాళ్ల నుంచి?"

"నెల..."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"నెల రోజులు నేను తప్పు చదువుతుంటే వింటూ కూర్చున్నావా?"

"మా ఇంట్లో మగవాళ్లకి అలా ఎదురు చెప్పరండీ..."

"ఇది మీ నాన్న నావ కాదే," అన్నారు. అంతే.

ఆ చలికాలమే షామ్‌బర్గ్ వెళ్లిపోయాం. బావగారింట్లో రెండేళ్లు. తర్వాత పని దొరికింది, ఇల్లు వచ్చింది, పిల్లలు పుట్టారు. ఆయన నన్ను ఏనాడూ దెప్పలేదు. కానీ ఉత్తరం చదివినా, పిల్లల రిపోర్ట్ కార్డు చదివినా... పైకి చదివేది ఏదైనా సరే, మధ్యలో ఆగి నా ముఖంలోకి ఒకసారి చూసేవారు. సరిగ్గానే చదువుతున్నానా అన్నట్టు. ఆయన కన్నుమూసేదాకా ఆ చూపు పోలేదు.

మొన్న మా అబ్బాయి ఫోన్లో ఎవరితోనో తెలుగు మాట్లాడుతుంటే, కోడలు పక్కనుంచి "అలా కాదు" అని సరిచేసింది. వాడు నవ్వి, సరిగ్గా చెప్పి, మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు. అర నిమిషం పట్టలేదు. నేను వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మీ ఇళ్లలోనూ తెలిసీ మింగేసిన మాటలు ఉండే ఉంటాయి... ఇక్కడ రాయండి, చదువుతాను. కానీ ఆ మాట వినాల్సిన మనిషి ఇంకా ఉంటే మాత్రం, ముందు వాళ్లకి చెప్పి రండి.