గోధుమరంగు టేపుకు వచ్చిన సైటేషన్లు

మా సారు పోయారు. సోమవారం పొద్దున కాకినాడ నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "నాన్నగారు వెళ్లిపోయారండీ. మీకు ముందు చెప్పాలనిపించింది" అంది. జగిత్యాలలో నా ఫ్రిజ్ రిపేరు దుకాణం షట్టరు సగం దించి కూర్చున్నాను. ఆయన గురించి రాసేవాళ్లు పరిశోధనల గురించి, డిగ్రీల గురించి రాస్తారు. టేపు సంగతి ఎవరూ రాయరు. అది నేనే రాయాలి, ఎందుకంటే ఆ టేపు చుట్టింది నేను.

సారు రసాయన భౌతిక శాస్త్రవేత్త. సౌదీలో, ధహ్రాన్‌లోని ఒక లాబ్‌లో గాజు గొట్టంలో వాయువు నింపి, దాని మీదికి కాంతి పంపి, అది ఎంత మింగుతుందో కాగితం మీద గీత గీయించేవారు. ఆ గొట్టాల్లోంచి గాలి తోడే పంపులు చూసుకునే టెక్నీషియన్ని నేను. నాది ఐటీఐ చదువు. ఆయన చదువు ఎక్కడిదాకా పోయిందో ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్తారని భయం.

ఆయనకున్న ఒకే వ్యసనం సైటేషన్లు. తను రాసిన వ్యాసాన్ని ఎక్కడో ఇంకో శాస్త్రవేత్త తన వ్యాసంలో పేర్కొంటే అదొక సైటేషన్. కంప్యూటర్లో చూసుకునే రోజులు కావవి. ఆ లెక్కలన్నీ అచ్చేసి లైబ్రరీకి ఇటుకల్లాంటి లావు పుస్తకాలు వచ్చేవి. ఆయన భూతద్దం పట్టుకునేవారు, వరస తప్పకుండా నేను స్కేలు పట్టుకునేవాణ్ని. సారు రాసినవి బోలెడు, వాటిని తలుచుకున్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్క. అందులోనూ తన వ్యాసాన్ని తనే పేర్కొన్నవి కొట్టేసేవారు. "మన పెళ్లిలో మనమే చదివింపులు చదివించుకుంటామటోయ్?" అనేవారు. మిగతావాళ్లంతా చదివించుకుంటున్నారని ఆయనకీ తెలుసు.

అంతలో గల్ఫ్ యుద్ధం వచ్చింది. సైరన్ మోగితే మాస్కు తగిలించుకుని నేలమాళిగలోకి పరుగు. అందరూ పాస్‌పోర్టులు పట్టుకుని దిగితే సారు తన వ్యాసాల ఫైలు పట్టుకుని దిగేవారు. విషవాయువు రాకుండా కిటికీల సందులు మూయమని నాకు పెట్టెడు గోధుమరంగు టేపు ఇచ్చారు. కిటికీలయ్యాక కొంత మిగిలింది. చేతిలో టేపుంటే నా చెయ్యి ఊరుకోదు. గొట్టం కీలు దగ్గర రబ్బరు రింగు అరిగి గాలి లీకవుతోంది. కొత్త రింగు ఎప్పుడొస్తుందో తెలియదు. నాలుగు చుట్లు టేపు వేసి బిగించేశాను. ఇంత చిన్నదానికి సారుకు చెప్పడమేమిటనుకున్నాను.

వారం తిరిగేసరికి కాగితం మీది గీతలో ఎవరూ చూడని కొత్త పీక్ ఒకటి, కొండకొనలా, లేచింది. సారు వ్యాసం రాశారు. అదెందుకు లేచిందో జర్మన్లు సిద్ధాంతాలు రాశారు. మరుసటేడు లావు పుస్తకంలో సారు పేరు కింద వరసలే వరసలు. ఆ సంతోషంలో నన్ను పక్కూరు ఖోబర్ తీసుకెళ్లి బిర్యానీ తినిపించారు.

ఆ తర్వాతి నెల సర్వీసింగులో పాత టేపు తీసేసి కొత్త రింగు వేశాను. మర్నాడు పీక్ లేదు. సారు మూడు రోజులు మిషన్ చుట్టూ తిరిగారు. నాకు సంగతి అర్థమైంది. అది ఆయన కాంట్రాక్టు రెన్యువల్ ఏడాది. అమ్మాయి ఖోబర్‌లో పన్నెండో తరగతి. సారు పరువు పోతే కాంట్రాక్టు పోతుంది, ఆ పిల్ల చదువు మధ్యలో ఆగిపోతుంది. అక్కడ ఉండనిచ్చే పర్మిట్, నా ఇకామా కూడా ఆ లాబ్‌తోనే ముడిపడి ఉంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన ముందు టీ పెట్టి చెప్పేశాను.

"సార్, ఆ పీక్ వాయువుది కాదు. నేను సుట్టిన టేపుది. దాని బంక ఆవిరి లోపట్కి పోయింది. నన్ను ఇంటికి పంపియ్యుండ్రి."

సారు టీ గ్లాసు పక్కకు జరిపారు.

"ఆ టేపు ఇంకా ఉందటోయ్?"

"ఉంది సార్."

"పట్రా."

ముక్క కత్తిరించి గొట్టంలో పడేశాం. పీక్ లేచింది, ముందుకన్నా బలంగా. సారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. "ఇద్దరు జర్మన్లు దీనికి క్వాంటం సిద్ధాంతం కట్టారోయ్, మన టేపుకి" అన్నారు.

"ఎవ్వరికీ చెప్పకుంటే ఏమైతది సార్?" అన్నాను, ఆయన మీద ప్రేమకొద్దీ.

"మనకేమీ కాదు. ఆ జర్మన్లు ముసలాళ్లయ్యేదాకా టేపుతో కుస్తీ పడతారు" అన్నారు.

ఆ వారమే అరపేజీ సవరణ రాసి పంపారు. పీక్ కిటికీ టేపుదని, పొరపాటు తనదని రాశారు. చివర కృతజ్ఞతల్లో నా పేరు, జగిత్యాలతో సహా. పొరపాటు తనదని ఎందుకు రాశారంటే, "చుట్టింది నువ్వే, చూసుకోవలసింది నేను కదా" అన్నారు. అంతటి మాట నాకోసం అన్నవాళ్లు ఆయన తర్వాత ఎవరూ లేరు.

ఇద్దరం సామాన్లు సర్దుకుని కూర్చున్నాం. కమిటీ రెన్యువల్ ఇచ్చేసింది. వాళ్ల ఫారంలో సైటేషన్లకి ఒకటే గడి ఉంది. జర్మన్లు పొగిడినా అందులోకే, తిట్టినా అందులోకే. "లెక్కపెట్టేవాళ్లకి చదివే తీరిక ఉండదోయ్" అన్నారు సారు. అమ్మాయి పన్నెండు పూర్తిచేసింది.

ఆ అరపేజీ మిగతా వ్యాసాలన్నిటినీ దాటిపోయింది. ప్రపంచంలో ఏ లాబ్‌లో అలాంటి పీక్ లేచినా, టేపు ఉందేమో చూసుకున్నామని రాసి దాన్ని పేర్కొంటున్నారట. మేమిద్దరం దేశం వచ్చేశాక కూడా సారు ఏడాదికి రెండుమూడుసార్లు ఫోన్ చేసేవారు. "ఇంకోటి వచ్చిందోయ్ మన టేపుకి" అనేవారు. నా టేపు అని ఒక్కసారీ అనలేదు.

పదకొండో రోజు కాకినాడ వెళ్లాను. హాల్లో సారు ఫొటో, దండ. ఫ్రేము కింది మూల విడిపోతే గోధుమరంగు టేపు అంటించారు. నా చూపు అక్కడే ఆగడం అమ్మాయి చూసింది. "హడావుడిలో వేరే ఏమీ దొరకలేదండీ" అని, తనే ముందు నవ్వేసింది. నేనూ నవ్వాను, అదే ఊపులో ఏడుపొచ్చింది. బయల్దేరేటప్పుడు మళ్లీ చూస్తే టేపు ఒక పక్క లేస్తోంది. దండ కొంచెం జరిపి, బొటనవేలితో గట్టిగా నొక్కి వచ్చాను.